మన వాటాకు ఎన్ని గజాలు

21 సెప్టెంబరు 2025, ఆదివారం

హైదరాబాద్ శివారు బాచుపల్లిలో మేం చూసిన టవర్ల కాస్ట్ షీటు చేతికొచ్చింది. ముప్పై రెండు అంతస్తులు. మాకు చూపించింది పద్నాలుగో అంతస్తులో తూర్పు గుమ్మం ఉన్న మూడు బెడ్‌రూముల ఫ్లాట్. 1,450 ఎస్సెఫ్టీ, ఎస్సెఫ్టీ రూ.6,200. "తొంభై లోపే మేడమ్" అన్నాడు సేల్స్ ఆఫీసులో అబ్బాయి. గుణిస్తే 89.9 లక్షలు. అబద్ధమేమీ కాదు. కానీ షీటుకు రెండో పేజీ ఉంది.

పార్కింగు, క్లబ్ హౌస్, ఫ్లోర్ రైజ్ కలిపి ఆరు లక్షలు. అక్కడికి 95.9. ఇంకా కడుతున్న బిల్డింగు కాబట్టి దాని మీద 5 శాతం జీఎస్టీ, రూ.4,79,500. రిజిస్ట్రేషన్ నాడు స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. అది ఇంకో రూ.7,19,250. 2021 జులై దాకా ఇది 6 శాతమే ఉండేది. కార్పస్ ఫండ్ ఎస్సెఫ్టీకి 75 రూపాయలు, రెండేళ్ల మెయింటెనెన్స్ ముందుగానే కట్టాలి. అన్నీ కూడితే కోటీ పది లక్షలు. ఇందులో వంటింటి అల్మరాలు లేవు, ఫ్యాన్లు లేవు, కిటికీలకు దోమతెరలు కూడా లేవు.

ఈయనకు టవర్ బాగా నచ్చింది. మాడల్ ఫ్లాట్ బాల్కనీలో నిలబడి చాలాసేపు కదల్లేదు. పాపకు స్విమ్మింగ్ పూల్ నచ్చింది. ఇంటి ఓనరు మార్చికల్లా ఖాళీ చేయమన్నారు, అప్పుడే పాప ఇంటర్ పరీక్షలు. అత్తమ్మ మోకాళ్లతో మళ్లీ ఒక అద్దె ఇంటి మెట్లు ఎక్కలేదు. కొనాలనే ఉంది నాకు కూడా. ఆఫీసులో రోజంతా కంపెనీ లెక్కలు చూస్తాను. ఇది మా ఇంటి లెక్క. ఇందులో తెలియని అంకె ఒక్కటి కూడా మిగలకూడదు.

24 సెప్టెంబరు, బుధవారం

బతుకమ్మ పూలు తెంపుకుంటూ అత్తమ్మ అడిగింది: "గోడల సంగతి సరే బిడ్డా, జాగ మనకెంతొస్తది?"

కాస్ట్ షీటులో ఆ గడి లేదు. సేల్స్ అబ్బాయికి ఫోన్ చేస్తే "యూడీఎస్సా మేడమ్, అది సేల్ డీడ్‌లో వస్తుంది" అన్నాడు. ఇప్పుడే కావాలన్నాను. సాయంత్రానికి పంపాడు: 28 గజాలు.

అత్తమ్మకు గజాలు చెబితే సరిపోదు. గుంటకు 121 గజాలు. 28 గజాలంటే పావు గుంట కూడా కాదు. "గంత పైసలు పెట్టి పావు గుంట గూడ రాదా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా అర్థం కాక అడిగింది. ఆమెకు భూమి అంటే హద్దులున్నది, గట్టున్నది, పేరు రాసి ఉన్నది. యూడీఎస్, అంటే విడదీయని వాటా, ఆమెకు వివరించడం కష్టమైంది. నీకు కొంత జాగ ఉంది, కానీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేవు.

అయినా ఆమె అడిగింది అసలైన ప్రశ్న. గోడలకు వయసు మీద పడుతుంది, లిఫ్టు అరుగుతుంది, పైపులు కారతాయి. ఏళ్లు గడిచేకొద్దీ విలువ నిలబెట్టేది కింద ఉన్న జాగే. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన 86వ జీవోతో ఎంత స్థలంలో ఎంత కట్టొచ్చనే ఎఫ్ఎస్ఐ పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం సరిపోతే పైకి ఎంతైనా లేపొచ్చు. ఒకే ఎకరంలో ఎన్ని అంతస్తులు లేస్తే ఒక్కో ఇంటి కింద జాగ అంత పలచబడుతుంది. మాడల్ ఫ్లాట్ బాల్కనీ నుంచి ఈయన చూసిన ఆకాశానికి ఎదురుగా ఆ పలచబడ్డ జాగను కూడా పెట్టి తూచాలి.

27 సెప్టెంబరు, శనివారం

జంట జలాశయాల గేట్లు ఎత్తారు. మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చాయి. పండక్కి ఊళ్లకు బయల్దేరిన వాళ్లు బస్టాండులో చిక్కుకుపోతే రాత్రి తాళ్లు పట్టి బయటకు తెచ్చారు. టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. 1908 వరద వచ్చింది కూడా ఈ సెప్టెంబరు చివరి రోజుల్లోనే. ఆ వరద తర్వాతే ఈ జంట జలాశయాలు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నూరేళ్లు దాటినా ఈ ఊళ్లో నీళ్లు పాత దారి మరిచిపోలేదు.

బాచుపల్లి మూసీకి చాలా దూరం. కానీ అటువైపు చెరువుల మీద చెరువులు. రాత్రి హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులు తెరిచి కూర్చున్నాను. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువైతే చెరువు నిండినప్పటి హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు బఫర్. అంతకన్నా చిన్న చెరువైతే 9 మీటర్లు. మల్లంపేట కత్వా చెరువు దగ్గర నిరుడు సెప్టెంబరులో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా విల్లాలు కూల్చింది బాచుపల్లి పక్కనే. ఆ ఫొటోల్లో కిటికీలకు కర్టెన్లు కూడా కట్టని కొత్త ఇళ్లున్నాయి. కొన్నవాళ్ల దగ్గర కాగితాలు లేకనా? ఉన్నాయి. ఆ కాగితాల్లోని స్థలం చెరువు గీత దాటిందా లేదా అన్నది మాత్రం ఎవరూ చూడలేదు.

టవర్ల సర్వే నంబర్లు గీతకు బయటే ఉన్నాయి. ఆ ఒక్క విషయంలో గుండె నిమ్మళించింది.

4 అక్టోబరు, శనివారం

ఊళ్లో దసరా. జగిత్యాల నుంచి రాత్రి తిరిగొచ్చాం.

కాల్వ కింది పొలంలో వరి ఈనుతోంది. అత్తమ్మ పేరు మీద ఇరవై గుంటలు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు పారే నేల, మామయ్య ఉన్నప్పటి నుంచి ఏ ఏడూ బీడు పడలేదు. పక్క పొలం ఆయన ఎకరం నలభై లక్షలకు అడుగుతున్నాడు. అంటే మా వాటాకు ఇరవై లక్షలు. పల్లెలో వ్యవసాయ భూమి కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. భూభారతిలో స్లాటు పెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే సాయంత్రానికల్లా పని అయిపోతుంది. అమ్మడం ఎంత సులువో తలచుకుంటేనే నాకు దిగులేసింది.

టవర్ కొనాలంటే ఆ ఇరవై లక్షలు కావాలి. మా చేతిలో ఎఫ్‌డీ 16, ఈయన పీఎఫ్ నుంచి 9, చిట్టీ 5, మొత్తం 30 లక్షలు. బ్యాంకు 60 ఇస్తుంది. 110కి ఇరవై తక్కువ. సరిగ్గా పొలమంత.

ఇక మరిది. జమ్మి దగ్గర నుంచి వస్తూ దారంతా ఒకటే మాట: "వదినా, కొల్లూరు దిక్కు ప్రీలాంచ్ ఉన్నది. ఎస్సెఫ్టీ 4,200. మొత్తం ఒకేసారి కట్టాలె. మా దోస్తులు నలుగురు కట్టిన్రు." రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదైన నంబరు ఏదని అడిగాను. వస్తుందట. పర్మిషన్? దానికి పెట్టారట. ఐదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలంలో, లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లతో కట్టే ఏ ప్రాజెక్టైనా రెరాలో నమోదు కాకుండా ప్రకటించడమే చట్టవిరుద్ధం, డబ్బు తీసుకోవడం తర్వాతి మాట. మొత్తం సొమ్ము ముందే తీసుకుంటే ఆ బిల్డర్‌కు రేపు కట్టాల్సిన తొందర ఏముంటుంది? నగరంలో ప్రీలాంచ్‌కు పెట్టిన డబ్బు కోసం పోలీసు కమిషనరేట్ల చుట్టూ తిరుగుతున్న వాళ్లలో మా లాంటి జీతగాళ్లున్నారు. మరిదికి ఇదంతా చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. అయినా చెప్పకుండా ఉండలేను. అతను కూడా అందులో డబ్బు పెట్టొద్దని నా కోరిక.

8 అక్టోబరు, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చి తెలంగాణ రెరా వెబ్‌సైటులో టవర్ల పేజీ మొత్తం చదివాను. చట్టం 2016 నాటిది, మన రాష్ట్రం నిబంధనలు 2017లో వచ్చాయి. ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఇంతమంది కోటి రూపాయల వస్తువు కొంటూ ఈ పేజీ ఎందుకు తెరవరో నాకు బాధగా ఉంటుంది.

సేల్స్ ఆఫీసులో చెప్పిన గడువు 2027 దసరా. రెరాకు బిల్డర్ రాసిచ్చిన గడువు 2028 డిసెంబరు. రేపు ఆలస్యమైతే చట్టం లెక్కపెట్టేది రెండోదాన్నే.

స్థలం ఒక ఫైనాన్స్ కంపెనీకి తనఖాలో ఉంది. నిర్మాణానికి అప్పు తీసుకోవడం తప్పు కాదు. కానీ మన ఫ్లాట్‌కు ఆ కంపెనీ విడిగా ఎన్ఓసీ ఇవ్వాలి. లేకపోతే మనం మొత్తం కట్టినా వాళ్ల హక్కు తీరదు. ఈ విషయం ఎవరూ మాకు చెప్పలేదు.

కొనేవాళ్ల దగ్గర తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి, పని జరిగినంత మేరకే తీయాలి. ఇది చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం. మన డబ్బుతో ఇంకో చోట స్థలం కొనకుండా ఆపే కట్ట ఇది. మూడు నెలలకోసారి పనెంత అయిందో పెట్టాలి. చివరిసారి పెట్టిన దాంట్లో మా బ్లాకు ఇంకా పునాదుల్లోనే ఉంది.

కార్పెట్ ఏరియా కూడా అక్కడే దొరికింది. 985 చదరపు అడుగులు. లోపలి గోడలు కలుపుకుని, బయటి గోడలూ బాల్కనీలూ షాఫ్టులూ తీసేసిన అసలు నేల. 1,450కి డబ్బు కడతాం, 985లో కాపురం ఉంటాం. మిగతాదంతా ఆ బయటి గోడలు, బాల్కనీలు, కారిడార్లు, లిఫ్టు లాబీలు, క్లబ్ హౌస్‌లో మా వంతు.

12 అక్టోబరు, ఆదివారం

టవర్‌తో పోల్చుకోవడానికి ప్రగతినగర్‌లో ఇంకో ఇల్లు చూశాం. కొత్తగా కట్టిన ఐదంతస్తుల బిల్డింగు, కింద స్టిల్టు పార్కింగు. 640 గజాల్లో పదిహేను ఇళ్లు. ఇళ్లలో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఓసీ ఆగస్టులో వచ్చింది. మొదట చూసింది రెండో అంతస్తులో 202. 1,250 ఎస్సెఫ్టీ, 6,300 చొప్పున 78.75 లక్షలు, పార్కింగు మూడు. 81.75. ఓసీ వచ్చాక కొంటున్నాం కాబట్టి జీఎస్టీ లేదు. రిజిస్ట్రేషన్ రూ.6,13,125. మొత్తం 88 లక్షల లోపు.

టేపు తీసుకెళ్లాను. ఈయన ఒక చివర పట్టుకుంటే నేను రెండో చివర. కార్పెట్ 940 వచ్చింది. టవర్‌కూ దీనికీ నడవడానికి ఉండే నేలలో తేడా 45 అడుగులే. మొత్తం ఖర్చులో తేడా ఇరవై రెండు లక్షలు. పన్నులు, రిజిస్ట్రేషన్ కలపకుండా కార్పెట్ అడుగుకు లెక్కేస్తే అక్కడ రూ.9,736, ఇక్కడ రూ.8,697. జాగ 43 గజాలు. గుంటలో మూడో వంతుకు కాస్త పైన. అత్తమ్మకు చెప్పాల్సిన మొదటి అంకె ఇదే.

లోపాలు కూడా రాసుకుంటున్నాను, నచ్చిందని కప్పిపెట్టడం మంచిది కాదు. వంటింటి కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు వాళ్ల పోపు వాసన. పార్కు లేదు, పాప కోరిన పూల్ లేదు. ఒకే లిఫ్టు. జనరేటరు లిఫ్టుకూ మెట్ల లైట్లకూ మాత్రమే.

వానాకాలం ఇప్పుడే వెళ్లింది కాబట్టి ఇల్లు చూడటానికి ఇదే మంచి సమయం. బాత్రూముల కింది ఇంటి సీలింగులు చూశాను. ఐదో అంతస్తులో ఒక మూల మాత్రం చెమ్మ మచ్చ ఉంది. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేదన్నమాట. ఆ అంతస్తు వద్దు.

పక్క బిల్డింగు వాచ్‌మన్ పాలమూరు వాళ్లు. భార్యాభర్తలిద్దరూ నీళ్ల గురించి దాచకుండా చెప్పారు. వాటర్ బోర్డు కనెక్షన్ ఉంది, రోజు విడిచి రోజు వస్తాయి. ఏప్రిల్ వస్తే బోరు అడుగంటుతుంది, ట్యాంకర్లు తప్పవు. "పదిహేను ఇళ్లకైతె ఎట్లనో గడుస్తదమ్మ, పెద్ద గేటెడ్ల సంగతి చూడున్రి" అంది ఆవిడ. వందల ఇళ్ల టవర్‌కు ఎండాకాలంలో ఎన్ని ట్యాంకర్లు కావాలో ఆ సేల్స్ ఆఫీసులో ఎవరినీ అడగలేదు. అడగాలి.

19 అక్టోబరు, ఆదివారం

60 లక్షల అప్పు, ఇరవై ఏళ్లు. బ్యాంకు ఏడున్నర శాతం అంటోంది. ఫ్లోటింగ్ రేటు, రెపోతో పాటు కదులుతుంది. ఈ ఏడాది రెపో 6.5 నుంచి 5.5కు దిగింది కాబట్టే ఈ ధర. దిగింది ఎక్కదని ఎవరు చెప్పగలరు? అందుకే ఎనిమిదితో లెక్కేశాను. నెలకు రూ.50,186. మొదటి నెల అందులో 40,000 వడ్డీకే, అసలుకు పోయేది పది వేలు. ఇరవై ఏళ్లలో మొత్తం కోటీ ఇరవై లక్షలు దాటుతుంది.

అద్దె 24,000. కేవలం అంకెలు చూస్తే అద్దెలో ఉండి మిగతా 26,000 దాచుకోవడమే లాభం. ఆఫీసులో మా సార్ చాలాసార్లు అన్నారు ఈ మాట. లెక్కలో తప్పు లేదు. కానీ ప్రతి నెలా 26,000 తీసి పక్కన పెట్టే కుటుంబాన్ని నేను మా బంధువుల్లో ఒక్కదాన్ని కూడా చూడలేదు. ఈఎంఐ అయితే ఒకటో తారీఖున తానే తీసుకుపోతుంది. ఇంకోటి, ఎనభై ఏళ్ల మనిషిని మార్చిలో లేపి ఇంకో ఇంటికి తీసుకెళ్లడానికి ఏ గడిలో ఎంత రాయాలి? ఇల్లు మనదైతే వచ్చే నెమ్మది నాకు కావాలి. దానికి కొంత ఎక్కువ కడతానని తెలిసే కడతాను.

టవర్ అయితే ఇంకో లెక్క కూడా ఉంది. 2028 డిసెంబరు దాకా అద్దె కడుతూనే, బ్యాంకు విడుదల చేసినంత మేరకు వడ్డీ కూడా కట్టాలి. అద్దె ఒక్కటే ఎనిమిది లక్షలు దాటుతుంది. పన్ను మినహాయింపు గురించి ఈయన అడిగారు. సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి రెండు లక్షల మినహాయింపు పాత విధానంలోనే, మేమిద్దరం కొత్తదానికి మారిపోయాం. కాబట్టి ఆ ఆశ లెక్కలోంచి తీసేశాను.

22 అక్టోబరు, బుధవారం

టవర్ల వాళ్లు అగ్రిమెంట్ నమూనా పంపారు. నెలలోపు 20 శాతం కట్టాక రిజిస్టర్ చేస్తారట. చట్టం ప్రకారం రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు.

మనం ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ. వాళ్లు ఆలస్యం చేస్తే నెలకు ఎస్సెఫ్టీకి ఐదు రూపాయలు, అంటే రూ.7,250. రెరాలో వడ్డీ ఇద్దరికీ ఒకటే, ఎస్‌బీఐ గరిష్ఠ ఎంసీఎల్ఆర్ మీద ఇంకో 2 శాతం. మనం 60 లక్షలు కట్టి కూర్చున్నామనుకుంటే, పది శాతమే వేసుకున్నా నెలకు యాభై వేలు రావాలి. యాభై వేల హక్కును ఏడు వేలకు రాయించుకుంటున్నారు. ఇలాంటి ఏకపక్ష ఒప్పందాలు కొన్నవాళ్లను కట్టిపడేయలేవని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కోర్టులో గెలవడానికి పట్టే ఏళ్లు కూడా అత్తమ్మ ఏళ్లే.

మార్చమని రాశాను. "అందరికీ ఇదే ఫార్మాట్ మేడమ్" అని జవాబు.

26 అక్టోబరు, ఆదివారం

202 మీద ఉన్న లావాదేవీలు, తనఖాలు చూపే ఈసీ తీశాను. మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ అని ఉంది!

ఇది మోసం కాదు, పద్ధతే. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టబోయే దాంట్లో పది శాతం, కింది అంతస్తుల్లో, మున్సిపాలిటీ తన దగ్గర తనఖా పెట్టించుకుంటుంది. ప్లాను దాటి కట్టకుండా బిల్డర్‌కు వేసే పగ్గం అది. ఓసీ ఇచ్చాక రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేస్తారు. ఇక్కడ ఓసీ వచ్చింది, రిలీజ్ కాలేదు. "నెలలో అయిపోతుంది, టోకెన్ ఇవ్వండి" అన్నాడు బిల్డర్. అయ్యాకే ఇస్తామన్నాను. ఆయనకు కోపం రాలేదు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. "అయితే 402 చూడండమ్మా, అది తనఖాలో లేదు" అన్నాడు.

402 అదే కొలత. పడమటి ఎండ హాల్లోకి కొడుతుంది. కానీ పక్క బిల్డింగు నాలుగంతస్తులే కాబట్టి వంటింటి కిటికీకి గాలి ఉంది. పైన ఇంకో అంతస్తు ఉంది, టెర్రస్ చెమ్మ మన నెత్తిన పడదు. ఈసీ శుభ్రంగా ఉంది.

2 నవంబరు, ఆదివారం

ఇవాళ అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈయన చాలాసేపు టవర్ వైపే మాట్లాడారు, వాటిలో కొట్టిపారేయాల్సిన మాట ఒక్కటీ లేదు. సెక్యూరిటీ ఉంటుంది, అమ్మ సాయంత్రం నడవడానికి లోపలే దారి ఉంటుంది, రేపు అమ్మితే పెద్ద ప్రాజెక్టు పేరుకే గిరాకీ ఉంటుంది. ఆ నడక దారి నాకూ ఆశగానే ఉంది.

"మీరు చెప్పేవన్నీ 2028 తర్వాత వచ్చేవి. పొలం మాత్రం ఇప్పుడే పోతుంది" అన్నాను.

అత్తమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. "నా పేరు మీదున్నదని నన్ను అడుగుతున్నరు గని, కొనేది మీరు. అమ్ముమంటె అమ్ముత" అంది. ఆ మాటతో ఈయన ఇంక వాదించలేదు. అమ్మనని ఆమె పట్టుబట్టి ఉంటే ఇద్దరూ గంటసేపు తగువులాడేవాళ్లు. ఆమె ఇస్తాననేసరికి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు.

నాకు తేలింది ఇదీ. ఇరవై గుంటల నీళ్లు పారే నేల ఇప్పుడుంది. 28 గజాల వాటా మూడేళ్లకు ఎవరో రాసిస్తే వస్తుంది. ఉన్నదాన్ని ఇచ్చి ఇంకా లేనిదాన్ని కొనడానికి నేను ఒప్పుకోను. 402 ఉంది. గోడ మీద చేయి వేసి చూశాను, కుళాయి తిప్పి చూశాను, దాని కాగితం నా చేతిలో ఉంది. మా 30 లక్షలతో, 60 అప్పుతో సరిపోతుంది, అల్మరాలకు రెండు లక్షల దాకా మిగులుతుంది కూడా. మిగతా అల్మరాలు నెమ్మదిగా చేయించుకోవచ్చు.

పాప పూల్ గురించి ఏమీ అనలేదు. జేఎన్‌టీయూకు బస్సులు ఎక్కడ ఎక్కాలని అడిగింది.

9 నవంబరు, ఆదివారం

లాయరుగారు లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి చూశారు. నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబరు లేదు. అంబీర్ చెరువు గీతకు దూరంగానే ఉంది.

ఒక చిక్కుంది. బిల్డింగు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద కట్టారు. ఫ్లాట్ల పంపకం పత్రంలో 402 స్థలం ఓనర్ల వాటాలో ఉంది. ఓనర్లు ముగ్గురు అన్నదమ్ములు. ఇద్దరు ఇక్కడే, మూడో ఆయన దుబాయ్‌లో. ఆయన తరఫున తమ్ముడు సంతకం పెడతానంటున్నాడు. బిల్డర్‌కు ఇచ్చిన అధికార పత్రం, జీపీఏ, బిల్డర్ వాటా ఇళ్లకే పని చేస్తుంది. తమ్ముడి దగ్గర ఉన్నది ఒక పాత నోటరీ కాగితం. "ఇది చాలదు" అన్నారు లాయరుగారు. అక్కడి మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన జీపీఏ పంపి, ఇక్కడ స్టాంపు కట్టి ధ్రువీకరించుకోవాలి. లేదా ఆయనే రావాలి.

అన్నదమ్ములకు కాస్త నొచ్చుకున్నట్టుంది. మంచి మనుషులే. జగిత్యాలలో మా వాడకట్టులో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. ఊళ్లో లేని మనిషి వాటాను ఉన్నవాళ్లు అమ్మేసి, పదేళ్లకు ఆయన పిల్లలు వచ్చి అడిగిన తగాదాలు నేను చూస్తూ పెరిగాను. వాళ్లకు ఆ మాటే చెప్పాను. పెద్దాయన తలూపాడు.

15 నవంబరు, శనివారం

అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాయి. ఇద్దరివి. ఇచ్చింది లక్ష, చెక్కు రూపంలో. మూడో ఆయన డిసెంబరు రెండో వారంలో వస్తున్నాడు, టికెట్ చూపించారు. ఆయన సంతకం పడేదాకా ఇంకో రూపాయి కదలదని అగ్రిమెంట్‌లోనే రాయించాం. ఆ తేదీకి రాకపోతే లక్ష వెనక్కి.

ఇంకా రాయించినవి: విడదీయని వాటా 43 గజాలు, స్థలం నాలుగు హద్దులతో సహా. కార్పెట్ 940. స్టిల్టులో పార్కింగు నంబరు. నిర్మాణ లోపం ఏది బయటపడినా ఐదేళ్లపాటు బిల్డర్ ఉచితంగా బాగు చేయాలి. అది రెరాలో ఉన్నదే, అయినా ఆయన చేత ప్రత్యేకంగా సంతకం పెట్టించాం. ఐదో అంతస్తు మూల చెమ్మ రిజిస్ట్రేషన్ లోపే సరిచేయాలి. అది మా ఇల్లు కాకపోయినా మా కప్పే.

నేను చేయాల్సినవి: ఒక శాతం టీడీఎస్ ఇక్కడున్న ఇద్దరి పాన్‌ల మీద విడివిడిగా కోసి, ఫారం 26క్యూబీలు రెండు వేయాలి. మూడో ఆయన ఎన్నారై కాబట్టి ఆయన వాటాకు ఈ ఒక శాతం వర్తించదు, 195వ సెక్షన్ కింద ఎక్కువ కోయాలి. దానికి టాన్ నంబరు తీసుకోవాలి, తక్కువ కోతకు ఆయన సర్టిఫికెట్ తెచ్చుకుంటారేమో సోమవారం అడగాలి.  బ్యాంకు వాళ్ల లీగల్ ఒపీనియన్, ఇంజనీరు వాల్యుయేషన్ ఈ వారంలో. పీఎఫ్ దరఖాస్తు ఈయన పంపారు. ఊళ్లో పక్క పొలం ఆయనకు అమ్మడం లేదని అత్తమ్మే ఫోన్ చేసి చెప్పింది.